కేసు కట్ట ఎవరిది?

మా వీధి చివర మిషను కుట్టుకునే ఆవిడ మంగళవారం పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూలబడింది. తండ్రి ఇచ్చిన అరెకరం కోసం ఏడేళ్లుగా దావా నడుపుతోంది. వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే విసిగిపోయి వకీలును మార్చుకుందామనుకుంది. పాత వకీలు గుమాస్తా ఒక్క ముక్కలో తేల్చేశాడు: బాకీ ఫీజు నలభై వేలు కడితేనే కట్ట చేతికొస్తుంది, వకాలతు మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న సంతకమూ అప్పుడే పడుతుంది. ఆ కట్టలో ఉన్నవి వాళ్ల నాన్న రాయించిన దస్తావేజు, పాత శిస్తు రసీదులు. “నా కాయితాలు నాకివ్వడానికి నన్నే డబ్బులడుగుతున్నారు. ఇదేం న్యాయం అన్నయ్యగారూ?” అంది. ఆ మాట నన్ను నాలుగు రోజులుగా నిద్రపోనివ్వడం లేదు.

ఇది అన్యాయమని సుప్రీంకోర్టు పాతికేళ్ల కిందటే చెప్పింది. భోపాల్‌లో ఆర్.డి. సక్సేనా అనే వకీలు తనకు 97,100 రూపాయల ఫీజు రావాలంటూ మధ్యప్రదేశ్ రాష్ట్ర సహకార బ్యాంకు ఫైళ్లను తన దగ్గరే అట్టిపెట్టుకున్నారు. 2000 ఆగస్టులో జస్టిస్ కె.టి. థామస్ తీర్పు రాశారు. కక్షిదారు కాగితాలను ఫీజు కింద అట్టిపెట్టుకునే హక్కు వకీలుకు లేదు. రావాల్సిన సొమ్ము ఉంటే చట్టప్రకారం వసూలు చేసుకోవచ్చు. అడిగినప్పుడు ఫైళ్లు తిరిగి ఇవ్వకపోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. అప్పటిదాకా ఈ విషయంలో చట్టం తేటపడలేదు కాబట్టి, ఆయన వయసును కూడా చూసి, శిక్షను మందలింపుతో సరిపెట్టారు. ఇప్పుడు ఆ సాకు ఎవరికీ లేదు. అక్కడ ఫిర్యాదు చేసింది బ్యాంకు. దానికి అధికారులున్నారు, మరో వకీలును పెట్టుకునే స్తోమత ఉంది. సూదీ దారంతో ఇల్లు నడుపుకునే మనిషికి ఈ తీర్పు గురించి ఎవరు చెప్పాలి?

ఈ ప్రశ్న దగ్గరే నాకు మాధవ మేనన్ గుర్తొస్తారు. 1935లో తిరువనంతపురంలో పుట్టి, అలీగఢ్‌లో పరిశోధన చేసి, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో లా పాఠాలు చెప్పిన మనిషి. విద్యార్థులను న్యాయ సహాయ క్లినిక్‌లోకి దించి, పేదవాడి గోడు విని అర్జీ రాయడం కూడా చదువులో భాగమేనన్నారు. ఆ ‘క్లినిక్’ మాట వైద్యవిద్య నుంచి వచ్చింది. రోగి నాడి పట్టకుండా డాక్టరు తయారు కాడు. కక్షిదారు ఎదుట కూర్చోకుండా వకీలు ఎలా తయారవుతాడు? ఈ పద్ధతి మీద 1998లో ఆయన సంపాదకత్వంలో ఒక కరదీపికే వచ్చింది. బెంగళూరు నేషనల్ లా స్కూలును మొదటినుంచీ పన్నెండేళ్లు పెంచారు. ఆ తర్వాత కోల్‌కతాలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాన్ని, భోపాల్‌లో జడ్జీలకు శిక్షణనిచ్చే జాతీయ న్యాయ అకాడమీని నిలబెట్టారు. 2019 మేలో కన్నుమూశారు. పద్మభూషణ్ ఆ మరుసటి ఏడు వచ్చింది.

ఆయన బతుకంతా పట్టుకున్న విషయం ఒక్కటే అని నేననుకుంటాను: వకీలుకు నీతి పుస్తకంలోంచి రాదు, మనిషి ముఖంలోంచి వస్తుంది. బార్ కౌన్సిల్ 1997లో నాలుగు ప్రాక్టికల్ పేపర్లను తప్పనిసరి చేసింది. వాటిలో ఒకటి వృత్తి నైతికత. ఇప్పుడు చాలా కాలేజీల్లో ఆ పేపరు ఎలా నడుస్తోందో చదివిన పిల్లలనడగండి. పరీక్షకు ముందురోజు రాత్రి గైడు తెచ్చుకుని సక్సేనా కేసు బట్టీ పడతారు, మార్కులొస్తాయి. రెండేళ్లు తిరక్కుండానే ఏదో ఆఫీసులో జూనియరుగా కూర్చుని, కక్షిదారు కట్టను బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆ కట్ట కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డ మనిషిని చదువుకునే రోజుల్లో ఒక్కసారైనా చూసి ఉంటే ఆ తాళం వేయడానికి చెయ్యి వచ్చేది కాదు.

మేనన్ నాటిన విత్తనం దేశంలో పాతికకు పైగా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలైంది. మనకూ శామీర్‌పేటలో నల్సార్, సబ్బవరంలో దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఎంత తెలివైన పిల్లలు! వాళ్లలో కింది కోర్టు మెట్లెక్కేవాళ్లెందరు? లక్షల్లో ఫీజులు కట్టినవాళ్లు పెద్ద కంపెనీల వైపు చూడరా అని అడుగుతారు. నిజమే. కోర్టు దారి పట్టిన జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ చెప్పింది. అది సూచనే, ఆజ్ఞ కాదు. జూనియరు కడుపు కాలుతున్న చోట సీనియరు నీతి బోధిస్తే చెవికెక్కదు.

ఇక్కడ తెలుగు గురించి నా పాత పాట మళ్లీ పాడక తప్పదు. ఆవిడ దావా ఇంగ్లీషులో ఉంది. ప్రతివాది జవాబూ ఇంగ్లీషే. తనను కాపాడే సక్సేనా తీర్పూ, వకీలు ఎలా నడుచుకోవాలో చెప్పే బార్ కౌన్సిల్ నియమాలూ ఇంగ్లీషే. ఏడేళ్లుగా తన పేరు మీద ఏం రాశారో తనకే తెలియదు. తనకు తెలియని హక్కును ఆవిడ ఎలా అడుగుతుంది? మోసానికి ఇంతకన్నా అనువైన చోటు ఉంటుందా? హైకోర్టులో ఇంగ్లీషే నడవాలన్న రాజ్యాంగం 348వ అధికరణం అడ్డమంటారు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక భూవివాదంలో తీర్పును తెలుగులో ఇచ్చి దారి చూపింది. కింది కోర్టులకు ఆ అడ్డమూ లేదు. అధికార భాషా చట్టం 1966 నుంచీ ఉంది. అయినా మన జిల్లా కోర్టుల్లో తెలుగు సాక్షి నోట్లోనే ఉంది, కాగితం మీదికి ఎక్కలేదు. వకీళ్ల నీతి గురించి సెమినార్లు పెట్టేవాళ్లు ముందు ఆ నియమాలను తెలుగులో అచ్చువేసి ప్రతి కోర్టు వరండాలో అతికించాలి. ప్రతి లా కాలేజీ ఒక కోర్టు వరండాను దత్తత తీసుకుని, శనివారమైనా అక్కడ బల్ల వేసి కూర్చోవాలి. భవనం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. మేనన్‌కు ఇంతకన్నా మంచి నివాళి నాకు తోచడం లేదు.

ఆవిడకు నేను చేయగలిగింది కొంచెమే. సక్సేనా తీర్పు సారాన్ని ఒక ఠావు కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ మహిళకైనా ఉచిత న్యాయ సహాయం అందుతుందని న్యాయసేవల చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. దాని ప్రకారం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ కూడా రాశాం. తీర్పు సారం రాసిన ఆ కాగితాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది. “అయితే కట్ట నాదేనన్నమాట” అంది. సోమవారం వాయిదా. తోడుగా నేనూ వెళ్తున్నాను.