పొగ పీల్చేవాళ్లకు లెక్క లేదు

పొద్దు గూకుతుండగా శ్రీశైలం నుంచి తిరిగొస్తున్నాం. నల్లమలలో ఓ మలుపు దగ్గర కారు అద్దం దించగానే గొంతులో కారం కొట్టినట్టయింది. ఎదుటి కొండ మీద ఎర్రటి గీత ఒకటి సన్నగా కిందికి దిగుతోంది. రోడ్డు వారన ఇరవై ఏళ్ల కుర్రాడొకడు పచ్చి కొమ్మతో మంటను బాదుతున్నాడు. ముఖానికి గులాబీ రంగు తువ్వాలు చుట్టుకున్నాడు. ముక్కూ నోరూ ఉన్నచోట మాత్రం దాని మీద నల్లటి మచ్చ. “మాస్కు లేదా తమ్మీ?” అంటే, “ఇదే మాస్కు సారూ” అన్నాడు, దగ్గుతూనే. ఆ మచ్చ వారం రోజులుగా నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

తువ్వాలు బూడిదను ఆపుతుంది. పొగలో అసలు ప్రమాదాన్ని ఆపలేదు. పీఎం 2.5 అని ఢిల్లీ వార్తల్లో వింటామే, ఆ నలుసు తలవెంట్రుక మందంలో ఇరవయ్యో ముప్పయ్యో వంతు. ఊపిరితిత్తుల అడుగున గాలిగదుల దాకా పోయి, అక్కడి నుంచి నెత్తుట్లో కలుస్తుంది. దగ్గు, ఆయాసంతో మొదలైనది గుండెపోటుకూ పక్షవాతానికీ దారితీయవచ్చు. ఉబ్బసం ఉన్న పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ముందు దెబ్బతింటారు. దక్షిణ కాలిఫోర్నియాలో ఆస్పత్రి చేరికలను లెక్కగట్టి 2021లో వెలువడిన అధ్యయనం, మామూలు కాలుష్యంలోని నలుసు కంటే కార్చిచ్చు నలుసు శ్వాసకోశాలకు పది రెట్ల దాకా ఎక్కువ చేటు చేయగలదని తేల్చింది. ‘కట్టెల పొగే కదా’ అని కొట్టిపారేసేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి.

2023 జూన్‌లో కెనడాలోని క్యూబెక్ అడవులు అంటుకుంటే, వందల మైళ్ల దూరాన న్యూయార్క్ ఆకాశం పట్టపగలే నారింజ రంగుకు తిరిగింది. న్యూయార్క్ పక్కనే ఎడిసన్‌లో ఉండే మా అక్క కొడుకు ఫోన్ చేసి, “మామయ్యా, పిల్లల్ని బయటికి పంపొద్దన్నారు” అన్నాడు. గాలి ఎంత చెడిందో గంటగంటకూ అతని ఫోన్‌లో కనబడుతోంది. న్యూయార్క్ రాష్ట్రం పది లక్షల ఎన్‌95 మాస్కులు పంచడానికి సిద్ధం చేసింది. అక్కడ మంట పక్క దేశంలో. ఇక్కడ మంట ఊరి పక్క కొండ మీద.

ఆ సాయంత్రం నల్లమల గాలి సంగతి చూద్దామని నేనూ ఫోన్ తీశాను. దగ్గరి కేంద్రమంటూ హైదరాబాద్‌ది చూపించింది. నా గొడవంతా ఇదే, ఎన్నిసార్లయినా రాస్తాను. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్నవన్నీ నగరాలే. తెలంగాణలో గాలిని నిరంతరం కొలిచే కేంద్రాలు దాదాపు అన్నీ హైదరాబాద్‌లోనూ దాని చుట్టుపక్కలా ఉన్నవే. కొలవని గాలికి హెచ్చరిక ఉండదు. ఆయాసపడుతూ వచ్చినవాళ్లకు మాత్రలిచ్చి పంపుతారు, చీటీ మీద పొగ పేరు పడదు. పీఎం 2.5 రోజు సగటున ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన ప్రమాణం 60. ఆ 60 అయినా దాటిందో లేదో చెప్పే దిక్కు అడవి అంచు ఊళ్లకు లేదు.

మంటలను మాత్రం లెక్కపెడుతున్నాం. 2023-24 సీజన్‌లో దేశంలో 2 లక్షలకు పైగా నిప్పు జాడలను ఉపగ్రహాలు పట్టిచ్చాయని భారత అటవీ సర్వే నివేదిక చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌ది అందులో నాలుగో స్థానం. ఆకాశం నుంచి మంటను చూడగలిగినవాళ్లం నేల మీద మనిషి ఊపిరిని చూడలేమా? 2014 మార్చిలో శేషాచలం తగలబడితే వైమానిక దళ హెలికాప్టర్లు వచ్చాయి. తిరుమల కాబట్టి వచ్చాయి. నల్లమల లోపల చెంచు గిరిజనులుండే పెంటకు ఎవరొస్తారు?

పైగా అడవి అంటుకోగానే వేలు చూపించేది ఆ చెంచుల వైపే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాళ్లు, తునికి లేతాకు కోసం నిప్పు పెట్టేవాళ్లు ఉన్నారు, నిజమే. కారు దిగి వండుకుని పొయ్యి ఆర్పకుండా పోయే మనమూ ఉన్నాం. కొండ దిగి మైదానానికి వస్తే యాసంగి కోత కాగానే కొయ్యకాళ్లకు నిప్పు. హార్వెస్టర్ కోసిన మడిలో కొయ్య ఎత్తుగా మిగులుతుంది. గడ్డి తినే ఎడ్లు ఇంట్లో లేవు. దున్నించాలంటే ట్రాక్టర్ కిరాయి. రైతు అగ్గిపుల్ల గీస్తాడు. పంజాబ్ రైతును తిట్టిపోసే టీవీలు మన మండలాల్లో పొద్దుగూకితే కమ్ముకునే పొగను చూపవు. జరిమానా వేస్తే ఈ నిప్పు ఆరదు. కోతల వేళకు తక్కువ కిరాయికి రోటావేటర్ దొరికేలా చేస్తే ఆరుతుంది.

ఏటా మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుతుంది, ఆ వెనకే నిప్పు వస్తుంది. ముందే తెలిసిన ప్రమాదానికి ముందే సిద్ధం కావాలి. అడవి అంచున ప్రతి మండలంలో బడి మీద గాలిని కొలిచే యంత్రం పెట్టాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇన్‌హేలర్లు ఉంచాలి. మంటలార్పే ప్రతి మనిషికీ ఎన్‌95 మాస్కు ఇవ్వాలి. మీరు అడవి దారిన పోతే పొయ్యి వెలిగించకండి. వెలిగించారా, నీళ్లు పోసి, బూడిద పూర్తిగా చల్లారిందని చూసుకున్నాకే కదలండి.