ట్యాంకరు నీళ్లకు కాపలా ఎవరు?

జంషెడ్‌పూర్‌లో ఇంటికొచ్చిన అతిథికి మంచినీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చి ఇస్తారో చూస్తే చాలు, ఆ ఇల్లు ఊళ్లో ఏ వైపున ఉందో చెప్పేయొచ్చు. బిష్టుపూర్, సాక్చీ, కద్మా లాంటి కంపెనీ ప్రాంతాల్లో కుళాయి తిప్పి గ్లాసు పడతారు. నేరుగా తాగే కుళాయి నీరు ఆ ఊరికి గర్వకారణం. సువర్ణరేఖ మీది వంతెన దాటి మాంగో వెళ్లినా, టాటానగర్ స్టేషన్ పక్కనున్న బాగ్‌బేడా వెళ్లినా చాలా ఇళ్లలో గ్లాసు వెనక పెద్ద ప్రయాణమే ఉంటుంది. వేసవిలో మరీను. ట్యాంకరు రావాలి, గొట్టం దొరకాలి, సంపు నిండాలి, మోటారు వేయాలి, పైనున్న నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులోంచి వంటింటికి దిగాలి. ఆ తర్వాత గోడకు తగిలించిన ప్యూరిఫయర్ వంతు.

నీళ్ల కోసమే పుట్టిన ఊరికి ఇది కాస్త విడ్డూరమైన స్థితి. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ తన కర్మాగారానికి సాక్చీ అనే చిన్న పల్లెను ఎంచుకోవడానికి ముఖ్య కారణాల్లో సువర్ణరేఖ, ఖర్‌కాయీ నదుల సంగమం ఒకటి. ఉక్కుకు ఇనుప ఖనిజం, బొగ్గు ఎంత అవసరమో నీళ్లూ అంతే అవసరం. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌జీ పేరు పెట్టేనాటికే అది కంపెనీ కట్టిన, కంపెనీ నడిపే పట్నం. తర్వాతి కాలంలో దల్మా కొండల పాదాల దగ్గర డిమ్నా జలాశయం వచ్చింది. 2004 నుంచి జుస్కో పేరుతో, ఇప్పుడు టాటా స్టీల్ యూఐఎస్ఎల్ పేరుతో టాటాల అనుబంధ సంస్థే నీటి సరఫరా చూస్తోంది. ఓటు వేసి ఎన్నుకున్న నగర పాలక మండలి మాత్రం జంషెడ్‌పూర్‌కు లేదు. రాజ్యాంగంలోని 243-క్యూ అధికరణం పారిశ్రామిక పట్టణాలకు ఇచ్చిన మినహాయింపు చుట్టూ దశాబ్దాల పాటు కోర్టుల్లో వాదాలు నడిచాయి. 2023 డిసెంబరులో జార్ఖండ్ మంత్రివర్గం ఆ ఊరిని పారిశ్రామిక పట్టణంగా ప్రకటించే నిర్ణయం తీసుకుంది.

ఈ తగువులో ఎవరిది న్యాయమన్నది వేరే చర్చ. నీళ్ల వరకు చూస్తే గీత ఎక్కడుందో పసిపిల్లలకు కూడా తెలుసు. కంపెనీ పైపు ఆగిన చోట ట్యాంకరు మొదలవుతుంది.

ఆ గీతను జీవితంలో ఓసారి దాటక తప్పని వాళ్లలో తెలుగువాళ్లూ ఎక్కువే. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు పనికి వలస వెళ్లిన కుటుంబాలు అక్కడ మూడు నాలుగు తరాలుగా ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వాళ్ల చిరునామాల్లో ఒకటి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కంపెనీ క్వార్టరు, కంపెనీ కుళాయి. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాలి. పీఎఫ్ డబ్బుతో స్థలం దొరికేది నదికి అవతలే. ముప్పై ఏళ్లు కుళాయి కింద దోసిలి పట్టి తాగిన మనిషి అరవయ్యో ఏట నీళ్ల శుద్ధి శాస్త్రం కొత్తగా నేర్చుకోవాల్సి వస్తుంది. దుకాణంలో అతనికి అది నేర్పేవాడు ప్యూరిఫయర్ అమ్మేవాడు. గురువు ఎవరో తెలిశాక పాఠం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అసలు ట్యాంకరు నీళ్లలో తేడా ఎక్కడొస్తుంది? శుద్ధి కేంద్రంలో పటిక వేసి, మడ్డి తేర్చి, ఇసుక పడకల గుండా వడకట్టి, క్లోరిన్ కలిపిన నీరు అక్కడి హైడ్రంటు దగ్గర చాలావరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాతే గండాలు. ట్యాంకరు లోపలి గోడ తుప్పు పట్టి ఉండొచ్చు. నిన్న అదే ట్యాంకరు ఏదో అపార్టుమెంటు పునాదులకు చెరువు నీళ్లు తోలి ఉండొచ్చు. పైమూతకు రబ్బరు వాషరు ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది గొట్టం. ఒక వీధిలో బురదలో ఈడ్చిన గొట్టాన్నే పక్కవీధిలో సంపులోకి దించుతారు. సంపు మూత నేలమట్టంగా ఉంటే వాన నీరు, పక్కనున్న మురుగు కాలువ ఊట లోపలికి దిగడానికి పెద్ద పగులు అక్కర్లేదు.

ఇన్ని మెట్లలో నీటికి తోడుగా వచ్చే కాపలాదారు ఒక్కటే. అందులో మిగిలి ఉన్న క్లోరిన్. శుద్ధి కేంద్రంలో కలిపిన క్లోరిన్‌లో కొంత అక్కడి మలినాలను, క్రిములను చంపడంలో ఖర్చవుతుంది. మిగిలింది దారిలో కొత్తగా చేరే క్రిముల కోసం. అందుకే మన దేశ ప్రమాణం ఐఎస్ 10500, వాడకందారు చేతికి అందేచోట లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలంటుంది. కలరా రోజుల కోసం 1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో ట్యాంకర్లకు ప్రత్యేకంగా ఒక లెక్క ఉంది. నింపేటప్పుడే లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండాలి. దారి పొడుగునా తగ్గుతుంది కాబట్టి బయల్దేరేటప్పుడు ఎక్కువ కట్టి పంపాలన్నమాట. నడి వేసవిలో ఎండకు కాగే ఇనుప ట్యాంకులో క్లోరిన్ మరింత త్వరగా ఆవిరవుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. కొత్తగా తెరిచిన బ్లీచింగ్ పౌడర్‌లో పనిచేసే క్లోరిన్ నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ఉంటుంది. తేటగా ఉన్న వెయ్యి లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల పొడి సరిపోతుందన్నది ప్రజారోగ్య పాఠ్యపుస్తకాల్లోని పాత లెక్క. 5,000 లీటర్ల ట్యాంకరును 2 మిల్లీగ్రాముల స్థాయికి తేవాలంటే సుమారు 40 గ్రాములు. పొడిని నేరుగా చల్లకూడదు. కొద్ది నీళ్లలో ముద్దగా కలిపి, పలుచన చేసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయాలి. అరగంట నుంచి గంట ఆగాలి. మూతి విప్పి నెలలు గడిచిన బస్తాలోని పొడికి వాసన ఉంటుంది గానీ బలం ఉండదు. పంచాయతీ గోదాముల్లో ఎక్కువగా కనిపించేది ఆ రకమే.

నీరు మురికిగా ఉంటే ఈ లెక్కంతా తారుమారవుతుంది. మట్టి రేణువులు క్లోరిన్‌ను మింగేస్తాయి, క్రిములు వాటి చాటున దాక్కుంటాయి. కాబట్టి ముందు తేర్చుకోవాలి, తర్వాతే మందు. మన పల్లెల్లో ఇండుపగింజను సాన మీద అరగదీసి బిందెలో కలిపిన అవ్వలకు ఈ వరసలో సగం తెలుసు. నీరు తేటపడితే చాలు, శుద్ధి అయిపోయిందనుకోవడమే అప్పటి పొరపాటు. ఇప్పటికీ అదే పొరపాటు వేరే రూపంలో సాగుతోంది. ట్యాంకరు మూత తీసి, అద్దంలా ఉందని తల ఊపి సంతకం పెట్టేస్తారు. కామెర్లు తెచ్చే వైరస్‌కు రంగు లేదు.

బోరు నీటి ట్యాంకర్లది ఇంకో తంతు. జార్ఖండ్‌లో చాలాచోట్ల భూగర్భ జలాల్లో ఇనుము ఎక్కువ. అలాంటి నీటిలో బ్లీచింగ్ పౌడర్ వేయగానే ఎర్రగా మారి అడుగున తుప్పులాంటి మడ్డి దిగుతుంది. మందు చెడిపోయిందని జనం భయపడి వేయడం మానేస్తారు. నిజానికి అప్పటిదాకా కరిగి కనిపించకుండా ఉన్న ఇనుము అప్పుడే బయటపడింది. ఒక రాత్రి తేరనిచ్చి, పైనీటిని వడకట్టుకుని, మళ్లీ క్లోరిన్ చూసుకోవాలి.

ఇలా ట్యాంకులో నీళ్లు నింపుకుని బతికేవాళ్లు పేదలే కానక్కర్లేదు. అమెరికాలో కారు వెనక ఇల్లు కట్టుకుని దేశం తిరిగే యాత్రికుల సమస్యా సరిగ్గా ఇదే. ప్రతి మజిలీలో ఎవరిదో కుళాయి, ఎవరిదో గొట్టం, ఆ నీటినే రోజుల తరబడి సొంత ట్యాంకులో ఉంచుకోవాలి. అనుభవం వాళ్లకు కొన్ని అలవాట్లు నేర్పింది. తాగునీటి గొట్టం విడిగా పెట్టుకుంటారు, దాన్ని ఇంకో పనికి వాడరు. నింపేటప్పుడు మట్టిని పట్టే వడపోత మాత్రమే పెడతారు. అప్పుడప్పుడూ లీటరుకు 50 మిల్లీగ్రాముల గాఢ క్లోరిన్ నీటితో ట్యాంకు నింపి, నాలుగు గంటలు ఉంచి, పారబోసి, బాగా కడుగుతారు. జంషెడ్‌పూర్ మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకు ఆ లెక్కన 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ అవుతుంది. ఖరీదు చూస్తే నవ్వొస్తుంది.

వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన అసలు కిటుకు బొగ్గు వడపోత స్థానం. యాక్టివేటెడ్ కార్బన్ అనే ఆ బొగ్గు వాసనను, రుచిని బాగుచేస్తుంది. ఎలా? క్లోరిన్‌ను పీల్చేసి. దాన్ని ట్యాంకుకు ముందు పెడితే నీరు నిల్వ ఉండే రోజులన్నీ కాపలా లేని నీరవుతుంది. తాగే కుళాయి దగ్గర, ఆఖరి మెట్టులో పెట్టాలి. మన ఇళ్లలో కొందరు మేస్త్రి మాట విని సంపు నుంచి పైట్యాంకుకు ఎక్కే పైపుకే పెద్ద కార్బన్ ఫిల్టర్ బిగిస్తున్నారు. వాసన పోయిందని సంతోషిస్తారు. నీటి రక్షణ కూడా ఆ వాసనతోపాటే పోయిందని చెప్పే నాథుడు ఉండడు.

వీధి మలుపులో అమ్మే ఇరవై లీటర్ల క్యాన్లదీ ఇదే లోపం. ఆర్ఓ గుండా వచ్చిన నీటిలో క్లోరిన్ మిగలదు. క్యాను కడగడంలో తేడా వచ్చినా, మూత సరిగా లేకపోయినా అడ్డుకునేది లేదు. పైగా ఇంటి ఆర్ఓ యంత్రం లీటరు నీరివ్వడానికి సాధారణంగా రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. ట్యాంకరు కోసం తెల్లవారుజామున బిందెలు వరసలో పెట్టిన ఇంట్లో ఆ పని జరుగుతుంటే చూడ్డానికి బాధగా ఉంటుంది. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపున్న నీటికి ఆర్ఓ అక్కర్లేదని, అలాంటి చోట్ల దాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీటికి, ఉప్పు నీటికి అది అవసరమే. క్లోరిన్ వాటినేమీ చేయలేదు. నది నీటి ట్యాంకరుకు ఎందుకన్నదే ప్రశ్న.

ఇంటివాళ్లకు ఇంత పాఠం చెప్పాక అడగాల్సిన మాట ఇంకోటుంది. ఇదంతా వాళ్ల పనేనా? 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీరు పది మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు, 2018లో గుంటూరు పాతబస్తీలో అతిసారం విజృంభించినప్పుడు కనీసం ఒక పైపు ఉంది, దానికి యజమాని అయిన సంస్థ ఉంది, నిలదీయడానికి అధికారులు ఉన్నారు. ట్యాంకరుకు ఆ వంశవృక్షం లేదు. నీరు ఒకరిది, బండి ఒకరిది, కాంట్రాక్టు ఇంకొకరిది, సంపు అపార్టుమెంటు సంఘానిది. రోగం వస్తే ఒకరి వేలు మరొకరిని చూపిస్తుంది. ఊరి లోపల కంపెనీ బాధ్యత ఉంది. ఊరి బయట మాంగోకు నగర పాలక సంస్థ ఉంది, బాగ్‌బేడాకు పంచాయతీలు ఉన్నాయి. 2015లో శంకుస్థాపన జరిగిన బాగ్‌బేడా నీటి పథకం ఏళ్ల తరబడి సాగిన తీరు చూస్తే, పైపు వచ్చేదాకా ట్యాంకరును తాత్కాలికమని కొట్టిపారేయడం కుదరదు. అక్కడ ఒక తరం పిల్లలు ఆ తాత్కాలికం మీదే పెరిగారు.

జల్ జీవన్ మిషన్ 2019లో మొదలైనప్పటి నుంచి ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పి కిట్లు ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది. సీసాలో నీరు పట్టి, మందు చుక్కలు వేసి, రంగును పట్టీతో పోల్చి క్లోరిన్ చెప్పేయొచ్చు. రెండు నిమిషాల పని. కుళాయి, బోరు, బావి నీళ్లకు వాడే ఆ కిట్టును ట్యాంకరు దగ్గరికి తీసుకెళ్లడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. మాంగోలోనైనా, పంచాయతీల్లోనైనా ట్యాంకర్ల కాంట్రాక్టు రాసేటప్పుడు చేర్చాల్సిన షరతులు మూడు నాలుగు వాక్యాలే. తాగునీటి బండి వేరే నీళ్లు తోలకూడదు. లోపల పూత, మూత, గొట్టం సీజనుకు ముందు తనిఖీ కావాలి. నింపిన చోట ఒకసారి, దించిన చోట ఒకసారి క్లోరిన్ చూసి ట్రిప్పు షీటులో రాయాలి. దించినచోట 0.2 లేకపోతే ఆ ట్రిప్పుకు బిల్లు చెల్లించకూడదు. డీజిల్ లెక్క, లీటర్ల లెక్క రాసే ఆ షీటులో ఇంకో గడి పట్టే చోటు ఉంటుంది. వేసవి టెండర్లు పిలిచేలోగా ఆ గడి గీయాలి.