ప్లాటు కొనే ముందు ఇంట్లో పట్టా చూద్దాం

ఉద్యోగం దొరికిన మరుసటి నెల నుంచే మనవాళ్లకు ఒక ప్రశ్న ఎదురవుతున్నది. "ఎక్కడైనా ప్లాటు తీసుకున్నావా తమ్మీ?" పెళ్లి గురించి కూడా ఇంత తొందరగా అడగడం లేదు. ఒకప్పుడు వార్షికోత్సవానికి అన్నలు స్వీటు డబ్బాలతో వచ్చేవారు. ఇప్పుడు కొందరు రంగుల బ్రోచర్లతో వస్తున్నారు. అందులో రీజినల్ రింగ్ రోడ్డుకు పది నిమిషాలు, ఎయిర్‌పోర్టుకు అరగంట అని ఉంటుంది. బస్సులో పోతే ఎంతసేపో రాయరు.

మా ఇళ్లలో డిగ్రీ గడప దాటిన మొదటివాళ్లం మేము. భూమి మీద ఆశ ఎందుకని మమ్మల్ని ఎవరూ అడగనక్కరలేదు. అమ్మానాన్నలు జీవితమంతా ఇతరుల పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసి మమ్మల్ని చదివించారు. వంద గజాల జాగా మన పేరు మీద ఉండాలనుకోవడం అత్యాశ కాదు. ఇబ్బందల్లా ఒక్కటే. మన ఇళ్లలో కొనుగోలుదారుగా రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కినవారు చాలా తక్కువ. ఏ కాగితం చూడాలో చెప్పేవారు ఇంట్లో లేరు. కాబట్టి అమ్మేవాడే మనకు గురువవుతున్నాడు.

అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. మన హాస్టల్ విద్యార్థికి రియల్ ఎస్టేట్‌లో మొదటి పాఠం ప్లాటు కొనడం కాదు. ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న పట్టాను బయటికి తీసి చదవడం.

మనలో చాలామంది తాతలకు ప్రభుత్వం ఎకరమో, రెండెకరాలో ఇచ్చింది. తెలంగాణలో దాన్ని లావణి పట్టా అంటారు, ఆంధ్రలో డి-పట్టా అంటారు. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం ఆ భూమి వారసులకు వస్తుంది, బ్యాంకులో పెట్టి పంట రుణం తీసుకోవచ్చు, కానీ అమ్మడానికి వీల్లేదు. అమ్మినా ఆ అమ్మకం చెల్లదు. అధికారులు ఆ భూమిని తిరిగి అసలు లబ్ధిదారునికో, అతని వారసులకో అప్పగించాలి, లేదా ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలి. కొన్నవాడికి ఏమీ మిగలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్లు నిండిన భూములను అమ్ముకునే వీలు కల్పించారు. 2024లో ప్రభుత్వం మారాక అలా బయటికొచ్చిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు ఆదేశించారు.

చట్టం ఇలా ఉంటే ఊళ్లో జరిగేది వేరు. ఆసుపత్రి ఖర్చుకో, ఆడపిల్ల పెళ్లికో తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని, "ఎట్లాగూ ఇది చెల్లని భూమి" అంటూ సగానికి సగం ధర చేతిలో పెడతారు. కొన్నాళ్లకు అక్కడ హద్దురాళ్లు, రంగు జెండాలు, ఒక ఆర్చి వెలుస్తాయి. గజాల లెక్కన అమ్మకం మొదలవుతుంది. ఎకరమంటే 4,840 గజాలు. ఎకరం ధరకూ గజం ధరకూ మధ్య ఎంత లాభముందో లెక్కల విద్యార్థులకు చెప్పనక్కరలేదు. ఆ గజాలను కిస్తీల మీద కొనేది ఎవరు? కొత్తగా జీతం అందుకున్న మనలాంటివాడే. ఒక తండ్రి దగ్గర అగ్గువకు పోయిన భూమి మరో తండ్రి కొడుక్కి అప్పుగా తిరిగి వస్తున్నది. మాకు బాధంతా ఇక్కడే.

కాబట్టి బ్రోచరు మీద చూడాల్సింది సర్వే నంబరు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద అమ్మకూడని భూముల జాబితా ఉంటుంది. ఆ శాఖ వెబ్‌సైటులో సర్వే నంబరు కొట్టి చూడవచ్చు. ఈసీ చూపించి "క్లియర్ టైటిల్" అంటారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి, భూమి పుట్టుక కనబడదు. దానికి పాత పహాణీలు చూడాలి. తెలంగాణలోనైతే 1954-55 ఖాస్రా పహాణీ దాకా వెళ్లాలి. లేఅవుట్‌కు డీటీసీపీ లేదా హెచ్‌ఎండీఏ వంటి సంస్థ అనుమతి ఉందా అన్నది మరో సంగతి. అనుమతి లేని లేఅవుట్లలో కొన్నవారి కోసం తెలంగాణలో 2020లో క్రమబద్ధీకరణ పెడితే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంతమంది ఒకే పొరపాటు చేశారంటే, అది వారి అమాయకత్వం ఒక్కటే కాదు.

2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన లేఅవుట్ రిజిస్టరు కావాలి. కాకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. "ప్రీ లాంచ్ ఆఫర్" అన్న మాట వినగానే లేచి రావచ్చు. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు అడగకూడదు. అమ్మే ఏజెంటు కూడా రెరాలో నమోదై ఉండాలి. ఈ చివరి మాట మన అన్నల కోసం. ముగ్గురిని చేర్పిస్తే కమీషన్, వాళ్లు ముగ్గురిని చేర్పిస్తే మళ్లీ కమీషన్ అంటూ హాస్టల్ పాత రిజిస్టరులోని పేర్లకు ఫోన్లు చేస్తున్నారు. ఒకే మెస్సులో తిన్న నమ్మకాన్ని కమీషన్‌కు వాడుకోవద్దని మనవి.

ఇక డబ్బు సంగతి. జీతం 22 వేలు అనుకుందాం. అనుమతి లేని ప్లాటుకు బ్యాంకు స్థలం రుణం ఇవ్వదు గనుక ఏజెంటే పర్సనల్ లోన్ ఇప్పిస్తాడు. 5 లక్షలు, 15 శాతం వడ్డీ, ఐదేళ్లు. నెలకు దాదాపు 11,900 కట్టాలి. మొత్తం 7 లక్షలు దాటుతుంది. దీనిపైన రిజిస్ట్రేషన్‌కు విలువలో సుమారు 7.5 శాతం. ఇంటికి పంపేదేమిటి? తమ్ముడి ఫీజు ఎవరు కట్టాలి? ఖాళీ ప్లాటు అద్దె తేదు. అవసరానికి నెలలో అమ్ముడుపోదు.

పెట్టుబడే ముఖ్యమనుకునేవారికి రీట్ అనే దారి ఉంది. అద్దెలు వచ్చే ఆఫీసు భవనాల్లో చిన్న వాటాలు షేర్ల మాదిరి కొనవచ్చు. 2021 నుంచి సెబీ ఒక్క యూనిట్ కూడా కొనే వీలు కల్పించింది. మాదాపూర్ మైండ్‌స్పేస్ భవనాలున్న రీట్ 2020లో మార్కెట్లోకి వచ్చింది. పంచగలిగిన ఆదాయంలో 90 శాతం వాటాదారులకు పంచాలన్నది నిబంధన. ధర పడవచ్చు కూడా. మా అమ్మకు చెబితే "చేతికి మట్టి అంటని భూమేంది బిడ్డా" అన్నది. ఆమె ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లే తమ్ముళ్లు పాసుపుస్తకం తీసి మూడు విషయాలు రాసుకుని రండి. ఎవరి పేరు మీద ఉంది, సర్వే నంబరు ఎంత, విస్తీర్ణం ఎన్ని గుంటలు. తాత చనిపోయినా ఆయన పేరే ఉంటే విరాసత్ చేయించుకోవాలి. తెలంగాణలో 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. దరఖాస్తు ఇప్పుడు దాని ప్రకారమే. రెవెన్యూ శాఖలో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులు ఒక్క ఆదివారం హాస్టల్‌కు వచ్చి పహాణీ, ఈసీ ఎలా చదవాలో చెబితే చాలు. తేదీ వారే చెప్పాలి. హాలు, చాపలు, చాయ్ మేం చూసుకుంటాం.