తెగిన తీగ చెప్పే అబద్ధం

విషయం చిన్నది. బారెడు పొడవు తీగలు రెండు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. మల్టీమీటరు లీడ్లు.

ఆంపియర్లు, వోల్టులు, ఓములు మూడింటినీ ఒకే పెట్టెలో కొలిచే "ఏవో" మీటరు 1923లో వచ్చింది. దాని వెనకున్నవాడు డొనాల్డ్ మెకాడీ అనే బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు. (మన భాషలో ఆ పేరు వింటే నవ్వొస్తుంది గాని, ఏవో కాదు, అన్నీ కొలిచింది.) ఆ తర్వాత ముల్లు పోయి అంకెలు వచ్చాయి. కానీ లీడు మాత్రం ఇప్పటికీ అక్కడే తెగుతోంది: ప్లగ్గు మెడ దగ్గర, లేదా ప్రోబు మెడ దగ్గర. లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులుంటాయి. పదేపదే వంగితే రాగి గట్టిపడి ఒక్కొక్క పోగే విరిగిపోతుంది. పైన తొడుగు నిక్షేపంగా ఉంటుంది కాబట్టి కంటికి ఏమీ తెలియదు. సాకెట్లోంచి తీగ పట్టుకుని లాగేదీ మనమే, మీటరు చుట్టూ బిగించి చుట్టేదీ మనమే!

తెగితే మరో జత కొనుక్కోవచ్చు, వందా నూటయాభై పెడితే వస్తుంది గదా అంటారు. డబ్బు సంగతి కాదండీ. తెగిన లీడు అబద్ధం చెబుతుంది. కరెంటున్న తీగ మీద పెట్టినా సున్నా చూపిస్తుంది. ఆ సున్నాను నమ్మి స్టార్టరు పెట్టెలో చెయ్యి పెట్టేవాడి గతేమిటి?

మన పల్నాడు సంగతే చూడండి. సాగర్ కుడి కాలువ నీరు ఎక్కని బొల్లాపల్లి, వెల్దుర్తి మెట్టల్లో రైతుకు బోరే దిక్కు. మోటారు తిరగలేదంటే మెకానిక్కు ముందు వైండింగు కొలుస్తాడు. మంచి వైండింగు చూపేది కొద్ది ఓములే. లీడు తెగి ఉంటే "వైండింగు కాలిపోయింది" అన్నట్టే చూపిస్తుంది. ఇక బోరులోంచి పైపులన్నీ పైకి లాగాలి, మోటారు టౌనుకు మోయాలి. ఈలోగా మిరప తోట వాడిపోతుంది. ఇదంతా ఎవరి తప్పు? మోటారుది కాదు.

కొలిచే ముందు కొలబద్దను పరీక్షించాలి. ఓముల్లో పెట్టి రెండు మొనలూ కలిపితే మంచి లీడ్లు అర ఓము లోపే చూపిస్తాయి. మెడల దగ్గర వంచి చూడండి, అంకెలు గంతులేస్తే లీడు పోయినట్టే. తీగలో కరెంటు లేదని తేల్చుకోవాలంటే, ముందు కరెంటున్న చోట మీటరు చూసుకుని, తర్వాత ఆ తీగ చూసి, మళ్ళీ కరెంటున్న చోట చూడాలి. మూడుసార్లు. విసుగనిపించినా సరే.

బాగుచేయడం కష్టమేమీ కాదు. మెడకు రెండంగుళాల ఇవతల కోసి, నల్లబడిన రాగి ఉంటే ఇంకాస్త కోసి, వేడికి ముడుచుకునే స్లీవు ముందే ఎక్కించి (సగం మంది మరిచేది ఇదే), కొత్త ప్లగ్గుకు సోల్డరు చేయాలి. సీసం పోగుల్లోకి పాకి తీగను పుల్లలా చేస్తుంది. ఆ పుల్ల ముగిసిన చోటే మళ్ళీ తెగుతుంది కనుక స్లీవు ఆ చోటు దాటి రావాలి. మరీ పొట్టిదైపోతే క్రొకొడైల్ క్లిప్పు తగిలించండి, బ్రెడ్‌బోర్డుకు సప్లై తీగ అవుతుంది.

అయితే ఒక్క విషయంలో నేను మొండివాణ్ణే. అతికిన లీడు 415 వోల్టుల దగ్గరికి పోకూడదు. ఇంటి 230 దగ్గరికీ వద్దు. కొత్త లీడు మీద కంపెనీవాళ్ళు క్యాట్ త్రీ అనీ, ఇన్ని వోల్టులనీ రాసేది పరీక్షించి. మన స్లీవుకు ఆ పరీక్ష ఎవరు చేశారు? ముప్పై వోల్టుల లోపు లాబు బల్ల మీదే దాని బతుకు. పొలానికి వెళ్ళే సంచిలో రేటింగున్న కొత్త జతే ఉండాలి.

ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు, వేలు పోసి మీటర్లు కొని లీడ్లు లేక బీరువాలో పెట్టడం ఏ కాలేజీకీ శోభ కాదు. అందుచేత మొదటి సంవత్సరం మొదటి లాబు క్లాసు ఓమ్ సూత్రంతో కాకుండా లీడ్లతో మొదలు కావాలని నా అభిప్రాయం. ప్రతి బ్యాచీ తన జతను పరీక్షించి, పోయింది అతికి, రికార్డులో రాసి మార్కులు తెచ్చుకోవాలి. సోల్డరూ, స్లీవులూ, అతికిన లీడుకు చుట్టడానికి పచ్చ టేపూ యూనియన్ నిధుల్లోంచి కొనవచ్చు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. బలపరిచేవాళ్ళు చేతులెత్తండి.