మారువేషం విప్పాక ఇంటికేనా?

మా గోల్నాకలో ఒక స్నేహితురాలు నాలుగు ఇంగ్లీషు నవలలు తెచ్చిచ్చింది. "క్రైస్తవ నవలలు, డిటెక్టివులు ఆడవాళ్ళే, నీకు నచ్చుతాయి" అంది. యూనివర్సిటీ మీదుగా తార్నాకలో మా ఆఫీసుకు వెళ్ళొచ్చే బస్సులో నాలుగూ చదివేశాను. కథంతా పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో. నాయిక తెలివైనది, ధైర్యస్తురాలు. వంటమనిషిగానో విధవరాలిగానో వేషం వేసి దొంగల్ని పట్టిస్తుంది. కానీ నాలుగింటికీ ముగింపు ఒకటే. అబద్ధమాడానని మోకరించి ఏడుస్తుంది, పెళ్ళాడుతుంది, ఉద్యోగం మానేస్తుంది.

నేనూ ప్రార్థన చేసుకునే మనిషినే. అందుకే అడుగుతున్నాను, ఈ పశ్చాత్తాపం ఎక్కడిది? నిర్గమకాండంలో షిఫ్రా, పూయా అనే మంత్రసానులు మగబిడ్డల్ని చంపమన్న ఫరో ఎదుటే అబద్ధం చెప్పి పిల్లల్ని బతికించారు. దేవుడు వాళ్ళకు మేలు చేశాడనే ఉంది గానీ, వాళ్ళు క్షమాపణ వేడుకున్నారని లేదు.

చరిత్రా ఈ నవలల్ని సమర్థించదు. కేట్ వార్న్ అనే వితంతువు 1856లో షికాగోలోని పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో చేరింది. 1861లో లింకన్ మీద హత్యాయత్నం జరగబోతోందని తెలిసినప్పుడు, ఆయన్ని జబ్బుపడ్డ తన సోదరుడని చెప్పి రైల్లో వాషింగ్టన్ చేర్చిన బృందంలో ఆమె ఉంది. మహిళా డిటెక్టివుల విభాగానికి పెద్దగా కూడా పనిచేసింది. 1868లో చనిపోయింది. సమాధిరాయి మీద ఆమె ఇంటిపేరు కూడా తప్పే చెక్కారు. ఆ ఏజెన్సీయే 1892లో హోంస్టెడ్ ఉక్కు కార్మికుల సమ్మె మీదికి సాయుధుల్ని పంపింది. వేషం ఎవరి పక్షాన వేశామన్నది అడగాల్సిన ప్రశ్న. నేను చదివిన నవలలు దాన్ని వదిలేసి, ఆడది అబద్ధమాడవచ్చా అని మాత్రం అడుగుతాయి.

దేవుడి పేరు ఎత్తని చోటా ముగింపు ఇదే. తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు రహస్య స్థావరాలు నడిపారు. పేర్లు మార్చుకున్నారు, పరాయి మగవాడికి భార్యగా నటించారు, వండి పెట్టారు, ఉత్తరాలు చేరవేశారు. 1951లో పోరాటం విరమించాక, ఇళ్ళకు వెళ్ళి సంసారాలు చేసుకోమన్న మాట వాళ్ళలో ఎందరో విన్నారు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా వాళ్ళ బాధ మనలో చాలామంది చెవిన పడలేదు.

కథలే కదా అంటారా? మా ఆఫీసులో ఒకమ్మాయి ఉంది. బాల్యవివాహం జరగబోతోందని కబురొస్తే, ఊళ్ళోకి చుట్టంలా వెళ్ళి, కూర్చుని కబుర్లాడి, ముహూర్తం తెలుసుకుని వస్తుంది. ఆమె వల్ల ఆగిన పెళ్ళిళ్ళున్నాయి. పోయిన నెల ఆమెకు పెళ్ళి కుదిరింది. "అయితే ఇక మానేస్తావా?" అని మొదట అడిగింది బంధువులు కాదు, నేనే.

"పెళ్ళికొడుకుని అడిగారా అక్కా, మానేస్తాడా అని?" అంది.

ఆ నాలుగు నవలలూ తిరిగి ఇచ్చేశాను. నా నోట ఆ ప్రశ్న పెట్టిన అలవాటును వదిలించుకోవడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.