అమ్మీకి ఆవాజ్ వినిపించలేదు, మేం దిమాగ్ అనుకున్నాం

మా ఇంట్లో నెలన్నర పాటు ఒక అబద్ధం నడిచింది. చెప్పింది మా అమ్మీ. "అచ్ఛా బేటీ, అచ్ఛా" అనడమే ఆ అబద్ధం.

మా ఆపా జెద్దాలో ఉంటుంది. ప్రతి శుక్రవారం సాయంత్రం వీడియో కాల్ చేస్తుంది. ఫోన్‌లో మనవళ్ల ముఖాలు చిన్నగా కనబడుతున్నాయని, నా పాత ల్యాప్‌టాప్ తీసి అమ్మీ గదిలో పెట్టాను. మంచి ఖిద్మత్ చేశానని బేఫికర్‌గా ఉన్నాను. ఒక శుక్రవారం ఆపా తన చిన్నోడికి మూడు రోజులుగా బుఖార్ తగ్గట్లేదని చెబుతుంటే, అమ్మీ నవ్వుతూ "బహుత్ అచ్ఛా, బహుత్ అచ్ఛా" అన్నదట. ఆపా వెంటనే నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "అమ్మీ దిమాగ్ కమ్‌జోర్ అవుతున్నట్టుంది రా, డాక్టర్‌కి చూపించు" అంది.

అమ్మీ పక్కన కూర్చొని మెల్లగా అడిగాను. కొంగు సర్దుకుంటూ చెప్పింది: "ఆవాజ్ సాఫ్ నై ఆరా బేటా. ప్రతిసారీ క్యా, క్యా అని అడిగితే పిల్ల నారాజ్ అవుతుందని ఊరుకున్నా."

దిమాగ్‌లో ఏ ఖరాబీ లేదు. ఖరాబీ ఆవాజ్‌లో ఉంది.

ల్యాప్‌టాప్‌ని మరమ్మతు దుకాణానికి తీసుకెళ్లాను. ఆయన ఒక పాట పెట్టి రెండు క్షణాలు విని, "స్పీకర్లు పోయినయ్, మార్చాల, 2,800" అన్నాడు. ఒక్క సవాల్ అడగలేదు. రేపు చెబుతానని తెచ్చేసుకున్నాను. ఆ రాత్రి నేనే కూర్చున్నాను. నేనేం ఇంజనీర్‌ని కాదు. కానీ కొంచెం సబర్ ఉంటే ఎవరైనా చేయగలిగిన పనే ఇది.

మొదట హెడ్‌ఫోన్ పెట్టి విన్నాను. హెడ్‌ఫోన్‌లో కూడా ఆవాజ్ తక్కువగానే ఉంటే కసూర్ చాలావరకు స్పీకర్‌ది కాదు, లోపలి సెట్టింగ్‌దో, డ్రైవర్‌దో. హెడ్‌ఫోన్‌లో బ్రహ్మాండంగా ఉంటే అప్పుడు స్పీకర్ వైపు చూడాలి. ఒకటి యాద్ పెట్టుకోండి: విండోస్ హెడ్‌ఫోన్‌కి ఒక వాల్యూమ్, స్పీకర్‌కి ఒక వాల్యూమ్ విడివిడిగా దాచుకుంటుంది. రెండూ పూర్తిగా పెంచాకే పోల్చాలి. నా దగ్గర పాట హెడ్‌ఫోన్‌లో బాగానే వచ్చింది, కాల్ మాత్రం అందులోనూ నీరసంగా వచ్చింది. అంటే అసలు దొంగ కాల్ యాప్ దగ్గరే ఉన్నాడు.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళితే వాల్యూమ్ మిక్సర్ అని ఉంటుంది. అక్కడ ప్రతి యాప్‌కి వేరే గీత. మొత్తం వాల్యూమ్ 100లో ఉన్నా, ఆ యాప్ గీత 30లో ఉంటే మీకు వచ్చేది ఆ 30 వరకే. మా కాల్ యాప్ గీత సరిగ్గా అలాగే కిందికి జారి ఉంది. ఎవరి చెయ్యి తగిలిందో తెలియదు. బహుశా నాదే.

రెండో కసూర్ ఖచ్చితంగా నాదే. అమ్మీ ల్యాప్‌టాప్‌ని రజాయి మీద పెట్టుకొని చూస్తుంది. ఇందులో స్పీకర్లు అడుగు భాగాన ఉన్నాయి. రజాయి వాటి నోరు నొక్కేసింది. ఒక చెక్క పీట వేసి పెట్టగానే సగం తకలీఫ్ తీరింది. దుకాణంలో పెట్టింది గాజు బల్ల మీద, మోగించింది పాట. అమ్మీ వినేది రజాయి మీద, మాటలు. ఆ ఫరక్ ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

మీ మషీన్‌లో ఇవి కాకపోతే ఇంకొన్ని ఉన్నాయి. పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ ఉంటుంది. కాల్ నడుస్తుంటే మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించే ఏర్పాటు అందులో ఉంటుంది, దాన్ని "డు నథింగ్"కి మార్చండి. కుడి ఎడమల బ్యాలెన్స్ ఒక వైపు ఒరిగిందేమో చూడండి. కొన్ని మషీన్లలో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ అని ఉంటుంది, అది మెల్లగా వచ్చే మాటలను పైకి లేపుతుంది. స్పీకర్ జాలీలో దుమ్ము ఉంటే పొడి మెత్తటి బ్రష్‌తో తీయండి. డ్రైవర్‌ని మీ మోడల్ పేరుతో కంపెనీ సొంత సైట్ నుంచే తెచ్చుకోండి. ఇవన్నీ అయ్యాక కూడా గరగర వస్తే, ఒక వైపు పూర్తిగా ఖామోష్‌గా ఉంటే, అప్పుడు స్పీకర్ మార్చే మాట.

ఆవాజ్‌ని రెండు మూడింతలు చేస్తామని దావా చేసే బూస్టర్ల జోలికి మాత్రం పోకండి. హద్దు దాటి పెంచితే శబ్దం చిరిగిపోతుంది. అలాగే రోజూ నడిపితే చిన్న స్పీకర్ నిజంగానే చచ్చిపోవచ్చు. పలచని ల్యాప్‌టాప్‌లో వేలెడంత స్పీకర్, దానికి గాలి కదిలించే జాగా ఉండదు. దాన్నుంచి టీవీ ఆవాజ్ ఆశించడం జులుమే. అంతకంటే ఒక చిన్న బయటి స్పీకర్ కొనుక్కోవడం నయం.

ఇక నా అసలు షికాయత్‌కి వస్తాను. ఆ దుకాణాయనని బేఇమాన్ అని తిట్టడం ఆసాన్. కానీ ఇన్సాఫ్‌గా ఆలోచించండి. గంటసేపు కూర్చొని చూసి "ఏం లేదు భాయ్, గీత కిందికి జారింది" అని చెబితే మనం ఏమిస్తాం? షుక్రియా చెప్పి వచ్చేస్తాం. పార్టు మారిస్తే 2,800 లెక్కపెట్టి ఇస్తాం. చూసినందుకు 200 అడిగితే మాత్రం "చూడ్డానికి కూడా పైసలా?" అని ఝగడా. మనం హునర్‌కి దామ్ కట్టం, సామానుకే కడతాం. అలాంటప్పుడు ఆయన సామానే అమ్ముతాడు. కాబట్టి దుకాణదారులు "చూసే ఖర్చు ఇంత" అని బోర్డు పెట్టాలి, మనం మొఖం ముడవకుండా ఇవ్వాలి. అప్పుడే ఇద్దరికీ ఇజ్జత్, ఇద్దరికీ ఫాయిదా.

మషీన్ బాగయ్యాక కూడా అమ్మీ కొన్ని మాటలు పట్టుకోలేకపోయింది. చెవి పరీక్ష చేయించాం. వయసుతో ముందు పోయేది సన్నటి శబ్దాలట. స, శ, త లాంటి అక్షరాలు జారిపోతాయి. అందుకే గొంతు వినబడినా మాట అర్థం కాదు. అంటే సగం కసూర్ మషీన్‌ది, సగం ఉమర్‌ది. దిమాగ్‌ది మాత్రం రవ్వంత కూడా కాదు. పరీక్ష చేయించకుండా నేను ఆపా మాట నమ్మి ఉంటే, అమ్మీకి మతిమరుపు అనే ముద్ర పడిపోయేది.

దోస్తులారా, మీ ఇంట్లో పెద్దవాళ్లు కాల్‌లో ఊరికే తలూపుతున్నారా? ఈ ఆదివారం పది నిమిషాలు వాళ్ల పక్కన, వాళ్ల మంచం మీదే కూర్చొని, వాళ్లు వినే ఆవాజ్ మీరు వినండి. పోయిన శుక్రవారం ఆపా ఏదో చెబుతుంటే అమ్మీ మధ్యలో ఆపి, "నై బేటీ, ఆ దవా ఖాళీ కడుపున ఇవ్వొద్దు" అంది. ఆపా మళ్లీ ఏడ్చింది. ఈసారి నాకు ఫోన్ చేయలేదు.