కొట్టం పనీ, డాల్ఫిన్ల కొలువూ

మా తరగతిలో ఎవరిని అడిగినా ఇంటర్న్‌షిప్ అనే మాటకు ఒకే అర్థం చెబుతారు: సర్టిఫికెట్. 2020-21లో మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. పుస్తకంలో చదివినది చేతికి అంటాలన్న ఉద్దేశం మంచిదే. కాని చేతికి పని అంటకుండానే కాగితం మాత్రం చేతికి వస్తున్నది. ఈ మాట అనే అర్హత నాకూ తక్కువే. రెండో సంవత్సరం సెలవుల్లో, గడప కూడా తొక్కని ఒక చోటినుంచి నేనూ అలాంటి కాగితమే తెచ్చుకున్నాను. ఆ సిగ్గే ఈ నాలుగు మాటలూ రాయిస్తున్నది.

అంతకు ముందు నాకొక కల ఉండేది. పరదేశం పోయి డాల్ఫిన్లతో పనిచేసే ఇంటర్న్ కావాలని. ఫొటోలు చూసి మోజుపడ్డాను. తీరా విచారిస్తే జీతం మాట అట్లుంచి, వారాల లెక్కన మనమే ఫీజు కట్టాలి. విమానం ఖర్చు, తిండి, బస వేరే. నాయనకు చెప్పినాను. జమ్మలమడుగు పక్కన మాకున్నది నల్లరేగడిలో శనగ చేను. ఆయన వేళ్లమీద లెక్కేసి, "రెండేండ్ల శనగలు పోతాయి. నీ చదువుకు పనికొస్తాదంటే అప్పు తెస్తా. ఆడ ఏం పని చేస్తావో అది చెప్పు" అన్నాడు.

అప్పటిదాకా ఆ పని వివరాలు నేనే సరిగా చదవలేదు. తెల్లవారక ముందే లేచి గడ్డకట్టిన చేపలను కరగబెట్టాలి. చెడినవి ఏరి పారేయాలి. ఏ డాల్ఫిన్‌కు ఎంతో తూచి బకెట్లలో వేయాలి. బకెట్లూ నేలా తోమి కడగాలి. ఏది ఎంత తిన్నదో, ఏది తినక ముఖం తిప్పుకున్నదో రాయాలి. ఇదంతా చదివి వినిపిస్తే మా జేజి నవ్వి, "ఇది మన కొట్టం పనే గదరా! దీనికి దుడ్లు ఇచ్చి పోతావా?" అన్నది.

ఆ మాటను నవ్వులాటగా తీసేయలేకపోయాను. ఇంట్లో పేడ ఎత్తడం మనకు నామోషీ. అదే పని పరాయి దేశంలో చేస్తే ఫొటో దిగి అందరికీ పంపుతాం. "గొడ్లు కాసేదానికి సదువెందుకు" అన్న ఎత్తిపొడుపు వినని రైతుబిడ్డ మనలో ఎవరున్నారు? పనిలో హీనం లేదు. చేసే చోటును బట్టి మనమే దానికి హెచ్చుతగ్గులు కడుతున్నాం.

అయితే కొట్టం పనికీ శాస్త్రానికీ తేడా లేదా? ఉంది. ఆ తేడా నోటుపుస్తకం. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు సరసోటా అఖాతంలో 1970లో మొదలైన డాల్ఫిన్ల పరిశోధన నేటికీ సాగుతున్నది. అక్కడ వాటిని కొలనులో బంధించి ఆడించరు. పడవలో పోయి, వీపుమీది రెక్క అంచున ఉండే గంట్లను ఫొటో తీసి, ఇది ఫలానా డాల్ఫిన్ అని గుర్తిస్తారు. ఏది ఎప్పుడు ఈనింది, ఏది దేనితో తిరుగుతున్నది, తరాల తరబడి రాస్తున్నారు. నేను ఫీజు కట్టబోయిన చోటు అలాంటిది కాదు, ఆటలాడించే కొలను. అలాంటి కొలనులకు అనుమతి ఇవ్వరాదని మన కేంద్ర ప్రభుత్వం 2013లోనే నిర్ణయించింది.

మా జేజి కూడా చెవి గంటును, కొమ్ము వంపును బట్టి ఊరి మందలో ఎవరి ఎనుము ఏదో చెబుతుంది. కాని ఎక్కడా రాసిపెట్టలేదు. ఆమెతోనే ఆ లెక్కా పోతుంది.

పల్లె మనిషి తెలివి విలువేమిటో మన కడప జిల్లాకు వేరే చెప్పాలా? 1900 తర్వాత కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో లంకమల అడవి అంచున రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారు వెదుకుతుంటే, దాన్ని పట్టి ఇచ్చింది డిగ్రీ ఉన్న పండితుడు కాదు, పక్షి జాడ తెలిసిన పల్లె మనిషి. తరువాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టి పరిచి, దానిమీద పడిన కాలిముద్రలను బట్టి ఆ పక్షి తిరిగే చోట్లు గుర్తించారు. కాలిముద్ర చదవడం మన గొర్రెల కాపరికి కొత్త విద్యా?

మిత్రులారా, అధ్యాపకులారా, నేను కోరేది ఇంతే. ఇంటర్న్‌షిప్ ఫారంలో 'సంస్థ పేరు' అని ఒక గడి ఉన్నది. మా కొట్టానికి పేరు లేదు కనుక అది సంస్థ కాలేదు. పేరున్నదని ఆ దొంగ కాగితం చెల్లింది. ఈ పద్ధతి మారాలి. పులివెందుల చీనీ తోటల్లో తేనెటీగలు, మైలవరం జలాశయం మీద పక్షులు, ఊరూరా పాడిగొడ్లు, వీటిని దినదినం చూసి రాసిన పుస్తకాన్ని ఇంటర్న్‌షిప్‌గా ఒప్పుకోండి. వారానికొకసారి దిద్ది సంతకం పెట్టండి. ఏం కొలవాలో, ఎట్లా కొలవాలో చెప్పడానికి ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉన్నది. ఇక మనమూ గడప తొక్కని చోటి కాగితాలు తేవడం మానుకుందాం.

ఈ వేసవిలో కొట్టం దూలానికి ఒక నోటుపుస్తకం వేలాడదీసినాను. మూడు ఎనుములు, అరవై దినాలు. తొట్టిలో నీళ్లు ఆలస్యమైన దినాల్లో సాయంత్రం పాలు తగ్గడం అంకెల్లో చూసినాను. "ఇది నాకు తెలిసిందే గదరా" అన్నది జేజి. నిజమే. ఇప్పుడది రాసి ఉన్నది. దీనికి సర్టిఫికెట్ రాదు.

డాల్ఫిన్ల కల మాత్రం పోలేదు. ఎన్నడైనా పోతే ఈ పుస్తకం చూపించి పోవాలి గాని, నాయన చేత అప్పు చేయించి కాదు.